టారా కొండ: పేర్లు ఒక కాలానివి, మట్టి ఇంకో కాలానిది

డబ్లిన్‌కి వాయవ్యంగా దాదాపు 40 కిలోమీటర్లు వెళ్తే, మీత్ కౌంటీలో నావన్ పట్టణానికి దగ్గర్లో టారా కొండ వస్తుంది. ఐర్లండ్ అంతటికీ పెద్దరాజు అనిపించుకున్నవాడి పీఠం ఇక్కడే ఉండేదని చదువుకుని వెళ్ళినవాళ్ళకి మొదట కలిగేది నిరాశే. కోట గోడలు లేవు. విరిగిన స్తంభాలైనా లేవు. కొండ అన్న మాట కూడా కాస్త ఎక్కువే, మన లెక్కలో అది పొలాల మధ్య మెల్లగా లేచిన మెరక. పైన పచ్చగడ్డి, మేస్తున్న గొర్రెలు, ఆగకుండా వీచే గాలి. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ, ఆదివారం పిల్లల్ని కారెక్కించుకుని వెళ్ళిన మనవాళ్ళు "ఇంత దూరం వచ్చింది గడ్డి చూడ్డానికా?" అనుకుంటే తప్పు పట్టలేం.

కానీ ఆ గడ్డి కింద నేల చదునుగా లేదు. నాలుగడుగులు వేస్తే కాలు పల్లంలోకి దిగుతుంది, ఇంకో నాలుగు వేస్తే గట్టెక్కుతుంది. నేల మీద నిలబడి చూస్తే దాని ఆకారం అంతుపట్టదు. విమానంలోంచి తీసిన ఫోటో చూడాలి. అప్పుడు ఒక పెద్ద వలయం, దాని లోపల ఒకదాన్నొకటి ఒరుసుకున్న రెండు చిన్న వలయాలు, ఒక గుండ్రటి దిబ్బ, బయట ఇంకొన్ని వలయాలు, ఉత్తరాన తిన్నగా సాగిన రెండు పొడవాటి గట్లు బయటపడతాయి.

మ్యాపు తెరిస్తే ఒక్కోదానికీ గంభీరమైన పేరు ఉంటుంది. పెద్ద వలయం రాజుల కోట. లోపలి జంట వలయాల్లో ఒకటి రాజపీఠం, రెండోది కోర్మాక్ ఇల్లు. దిబ్బ పేరు బందీల దిబ్బ. పొడవాటి గట్లు విందుశాల. పక్కనున్నది మతసభల కోట. ఈ పేర్లు చదువుకుంటూ తిరిగితే మనసులో చక్కటి రాజభవనం ఒకటి లేస్తుంది: రాజు ఇక్కడ కూర్చునేవాడు, ఇక్కడ భోంచేసేవాడు, బందీల్ని అక్కడ పెట్టేవాడు. టారా గురించి జనంలో ఉన్న అపోహల్లో సగం ఇక్కడే పుడతాయి. ఈ పేర్లలో ఏదీ ఆ మట్టి పోసినవాళ్ళు పెట్టింది కాదు.

పేర్లు ఎలా వచ్చాయంటే, మధ్యయుగాల్లో ఐర్లండ్ కవులకీ క్రైస్తవ సన్యాసులకీ ఊళ్ళ పేర్ల వెనక కథలు చెప్పడం పెద్ద విద్య. ప్రతి వాగుకీ, ప్రతి గుట్టకీ ఒక కథ ఉండాల్సిందే. టారాకి ఐరిష్‌లో పాత పేరు తెమైర్. తేయా అనే రాణి గోడ కాబట్టి ఆ పేరు వచ్చిందని కథ అల్లారు. దాన్ని ఇప్పటి భాషావేత్తలు ఒప్పుకోరు. వేరుచేసి పెట్టిన పవిత్ర స్థలం అనో, చుట్టూ చూపు ఆనే ఎత్తైన చోటు అనో అర్థాలు చెబుతారు. ఆ కవులు కొండ మీద ఏ దిబ్బ పక్కన ఏ గట్టు ఉందో వరసగా వర్ణిస్తూ రాసిపెట్టారు. తర్వాత 1830లలో ఐర్లండ్‌కి ప్రభుత్వం తరఫున మ్యాపులు గీస్తున్నప్పుడు జార్జ్ పెట్రీ, జాన్ ఓడోనొవన్ అనే ఇద్దరు పండితులు ఆ పాత రాతలు చేత్తో పట్టుకుని కొండంతా తిరిగి, ఈ వర్ణన దీనికి సరిపోతోంది, ఆ వర్ణన దానికి సరిపోతోంది అంటూ పేర్లు అతికించారు. 1839లో పెట్రీ దాన్ని అచ్చు వేయించాడు. ఈనాటికీ మ్యాపుల్లో కనిపించేవి చాలావరకు ఆ పేర్లే. పని శ్రద్ధగానే చేశారు. కానీ ఏ గట్టు వయసెంతో చెప్పే దారి వాళ్ళ కాలంలో లేదు.

వయసులు తేలాక కథ మొత్తం తిరగబడింది. అన్నిటికంటే ఎక్కువగా తిరగబడింది బందీల దిబ్బ విషయంలో.

బందీలు లేని దిబ్బ

చూడ్డానికి అది బోర్లించిన గిన్నెలా ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివరకి 21 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. తూర్పు వైపు వంగి చూడాల్సిన చిన్న ద్వారం. లోపల 4 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న రాతి నడవ. రెండు వైపులా నిలువు రాళ్ళు పాతి, పైన బండలు కప్పారు. నేల మీద గడపల్లాంటి అడ్డరాళ్ళు పెట్టి నడవని మూడు అరలు చేశారు. దీని చుట్టూ రాళ్ళు గుట్టగా పోసి, ఆ రాళ్ళ మీద మట్టి కప్పారు. ఇదంతా జరిగింది క్రీ.పూ. 3200 ప్రాంతంలో, నవీన శిలాయుగంలో. అప్పటికి అక్కడ లోహమనేదే లేదు.

మరి బందీలెవరు? పాత ఐర్లండ్‌లో ఒక రాజు ఇంకో రాజుకి లొంగితే, మాట తప్పనని హామీగా తన కొడుకునో తమ్ముణ్ణో ఆయన దగ్గర ఉంచేవాడు. సంకెళ్ళలో బందీలు లేనివాడు రాజే కాడని వాళ్ళ పాత న్యాయగ్రంథాల్లో ఒక మాట ఉంది. తొమ్మిదిమంది బందీల నియల్ అని పేరుపొందిన రాజు కథ అక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. టారా రాజులు బందీల్ని ఉంచిన చోటు ఈ దిబ్బేనని మధ్యయుగాల వాళ్ళు అనుకున్నారు.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. కథల ప్రకారం నియల్ క్రీ.శ. 4, 5 శతాబ్దాలవాడు. ఆయనకీ మనకీ మధ్య సుమారు 1,600 ఏళ్ళు. ఆయనకీ ఆ దిబ్బ కట్టినవాళ్ళకీ మధ్య సుమారు 3,600 ఏళ్ళు. అంటే ఆ దిబ్బ మనకి ఎంత అంతుచిక్కనిదో ఆయనకీ అంతే. దాన్ని ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఆయనకి చెప్పగలిగేవాళ్ళు ఎవరూ మిగిలి ఉండరు.

దాన్ని విప్పి చూసింది షాన్ ఓ రీర్డాన్ అనే పురావస్తు ఆచార్యుడు. 1955లో, 1956లో తవ్వాడు. 1957లో చనిపోయాడు. మిగిలిన పని 1959లో రూరీ డి వలేరా పూర్తిచేశాడు (స్వతంత్ర ఐర్లండ్ రాజకీయాల్లో ఆ ఇంటిపేరు తెలియనివాళ్ళుండరు, దేశానికి ప్రధానిగా, అధ్యక్షుడిగా చేసిన ఎమన్ డి వలేరా కొడుకే ఈయన). తవ్వకం పూర్తయినా నోట్సు, పెట్టెల్లో ఎముకలు, కుండపెంకులు అలాగే ఉండిపోయాయి. పూర్తి నివేదిక 2005లో గానీ రాలేదు, ముయిరిష్ ఓసల్లివన్ దాన్ని రాశాడు. మట్టి తియ్యడానికి మూడు వేసవులు, అందులో ఏముందో చెప్పడానికి అర్ధ శతాబ్దం. ఈ రంగంలో ఇది పెద్ద వింతేమీ కాదు.

లోపల దొరికింది ఒక మహారాజు సమాధి కాదు. కాల్చిన ఎముకలు, అవీ వందలమందివి. శవాన్ని వేరేచోట దహనం చేసి, మిగిలిన ఎముకలు ఏరి తెచ్చి నడవలోనూ, నిలువురాళ్ళ వెనకా ఉంచారు. ఎముకతో చేసిన పిన్నులు, పూసలు, చిన్న రాతి గుండ్లు వాటితోపాటు దొరికాయి. పిన్నులు కొన్ని చితిలోనే కాలి ఉన్నాయి, అంటే శవం మీదున్న బట్టకి గుచ్చినవి కావచ్చు. తరాల తరబడి ఒక సమూహం మొత్తం తన చనిపోయినవాళ్ళని ఒక్క చోటికి చేర్చిందన్నమాట. కాశీకి అస్థికలు పట్టుకెళ్ళే మనకి ఇది వేరేవాళ్ళు చెబితే గానీ అర్థంకాని ఆచారమేం కాదు.

అంతటితో అయిపోలేదు. వెయ్యేళ్ళకి పైగా గడిచాక, కంచుయుగంలో, మళ్ళీ ఆ దిబ్బ దగ్గరికి శవాలొచ్చాయి. కొన్నిటిని పాత నడవలోనే, పాత ఎముకల్ని పక్కకి జరిపి పెట్టారు. ఎక్కువవాటికి దిబ్బ పై మట్టిలోనే గుంతలు తీశారు. బూడిద మీద పెద్ద కుండ బోర్లించి మూసిన సమాధులున్నాయి. దిబ్బ పై మట్టిలోని ఈ సమాధుల్లో ఒక్కటి మాత్రం వేరు. పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాడు, కాల్చకుండా, కాళ్ళు ముడిచిన భంగిమలో ఉన్నాడు. మెడలో హారం. నల్లటి జెట్ రాయి పూసలు, కంచు పూసలు, అంబర్ పూసలు, ఫయాన్స్ అనే మెరుగుపూత పూసలు కలిపి గుచ్చింది. అంబర్ ఐర్లండ్‌లో తవ్వితే దొరికే సరుకు కాదు, దూరపు తీరాల నుంచి చేతులు మారుతూ రావాల్సిందే. చుట్టూ అందర్నీ కాల్చి, ఇతన్ని ఒక్కణ్ణి నగతో పూడ్చారంటే మామూలు ఇంటి పిల్లవాడు కాడు.

ఇక సూర్యుడి సంగతి. ద్వారం తూర్పుకి ఉండడంతో నవంబరు మొదట్లో, మళ్ళీ ఫిబ్రవరి మొదట్లో పొద్దున్నే ఎండ నడవ లోపలిదాకా పడుతుంది. ఆ రోజులు కెల్టుల సావిన్, ఇమ్‌బొల్క్ పండుగలకి దగ్గర. దాంతో ఈ సమాధిని ఆ పండుగల కోసమే కట్టారని టూరిస్టు కరపత్రాలు ఒకే వాక్యంలో తేల్చేస్తాయి. నాకు ఇక్కడ రెండు అభ్యంతరాలు. ఒకటి, నడవ పొడవు 4 మీటర్లే. దగ్గర్లోనే ఉన్న న్యూగ్రేంజ్ సమాధిలో నడవ దీనికి నాలుగైదు రెట్లుంటుంది, అందుకే అక్కడ డిసెంబరులో కొద్దిరోజులు మాత్రమే వెలుగు లోపలిదాకా వెళ్తుంది. పొట్టి నడవలోకి చాలా రోజులపాటు ఎండ వస్తుంది, కాబట్టి ఏదో ఒక పండుగ తగలకుండా ఉండదు. రెండు, సావిన్ అన్న పేరు మనకి తెలిసింది మధ్యయుగాల రాతల నుంచి. దాన్ని నాలుగు వేల ఏళ్ళు వెనక్కి తోసి రాతియుగం వాళ్ళకి అంటగట్టడం మళ్ళీ ఆ పేర్ల తంతే. వాళ్ళు సూర్యుణ్ణి పట్టించుకుని కట్టి ఉండొచ్చు. ఏ పండుగ అన్నది మాత్రం మనం కలిపిన పులుపు.

భూమి లోపలి గుంతలు

దిబ్బ కట్టాక కొన్ని వందల ఏళ్ళకి, దాని చుట్టూ ఒక బ్రహ్మాండమైన కర్రల వలయం లేచింది. ఇప్పుడు నేల మీద దాని ఆనవాలు కంటికి ఆనదు. 1990ల నుంచి డిస్కవరీ ప్రోగ్రామ్ అనే పరిశోధన సంస్థ టారాని అంగుళం అంగుళం కొలిచింది. కానర్ న్యూమన్ బృందం పరికరాలు పట్టుకుని గడ్డి మీద వరసలు వరసలుగా నడిచింది. ఆ పరికరం చూసేది నేల అయస్కాంత గుణాన్ని. పూర్వం ఎవరైనా గుంత తీస్తే అది మెల్లమెల్లగా పైమట్టితో, బొగ్గుతో, కాలిన మట్టితో పూడుతుంది. ఆ పూడిన మట్టి అయస్కాంతపరంగా చుట్టూ ఉన్న మట్టి కంటే కొంచెం తేడాగా ఉంటుంది. వేల ఏళ్ళయినా ఆ తేడా పోదు. పార పెట్టకుండానే గుంతల పటం కాగితం మీదకి వస్తుంది.

అలా బయటపడింది కోడిగుడ్డు ఆకారంలో, పొడవు వైపు 170 మీటర్లున్న ఒక కందకం. దానికి రెండు వైపులా గుంతల వరసలు, మొత్తం దాదాపు 300. అవి పెద్ద దుంగలు నిలబెట్టిన గుంతలని అంచనా. అన్ని దుంగలు కావాలంటే ఎంత అడవి కొట్టాలో, ఎంతమందిని కూడగట్టాలో ఊహించుకోండి. 2002లో ఈ సంగతి బయటికి చెప్పినప్పుడు పత్రికలు దీన్ని కర్రల గుడి అన్నాయి. గుడో కాదో గానీ, రాతి సమాధి ఈ వలయం లోపలే ఉంది. కొత్తగా కట్టినవాళ్ళు పాతదాన్ని పడగొట్టలేదు, దాన్ని మధ్యలో పెట్టుకుని కట్టారు.

కందకం లోపల, గట్టు బయట

టారాలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ఆధారం నగ కాదు, శిల్పం కాదు, పెద్ద వలయంలో కందకం ఉన్న చోటు.

ఐరిష్‌లో దాని పేరు రాత్ నా రీగ్. రాత్ అంటే మట్టికట్టల ఆవరణ. రీగ్ అంటే రాజుల. ఈ రీగ్ మనకి పరాయి మాట కాదు. లాటిన్‌లో రెక్స్, సంస్కృతంలో రాజన్, ఐరిష్‌లో రీ, ఈ మూడూ ఒకే వేరు నుంచి వచ్చాయి. సంస్కృతం నుంచి మన తెలుగులోకి వచ్చిన రాజు, ఆ కొండ పేరులోని రీగ్ దూరపు చుట్టాలు. ఐరోపా పడమటి చివరనా, ఇటు మన దగ్గరా బతికి ఉన్న మాట ఇది.

ఈ వలయం చుట్టుకొలత దాదాపు ఒక కిలోమీటరు. 1997లో హెలెన్ రోష్ ఒక పక్క కోసి చూస్తే కందకం లోతు దాదాపు 3 మీటర్లుంది, రాతినే తొలిచారు. లోపలి అంచున కర్రల దడి కట్టిన జాడ కూడా ఉంది. వయసు క్రీ.పూ. 1వ శతాబ్దం అటూ ఇటూ, అంటే ఇనుపయుగం.

ఇప్పుడు ఊళ్ళో పెరిగిన ఎవరికైనా తెలిసిన విషయం: చేనికి పశువులు రాకుండా కందకం తీస్తే, తీసిన మట్టి మన వైపు పోసుకుంటాం. కోట కట్టినా అంతే. శత్రువు ముందు కందకంలో దిగాలి, తర్వాత గట్టెక్కాలి, ఎక్కేటప్పుడు మనం పైనుంచి కొట్టొచ్చు. టారాలో ఇది తలకిందులుగా ఉంది. కందకం లోపల, గట్టు బయట. దాడికి వచ్చినవాడు తీరిగ్గా గట్టు మీద నిలబడి లోపలివాళ్ళ మీదకి రాళ్ళు రువ్వొచ్చు. ఇంత శ్రమపడి రాయి తొలిచినవాళ్ళకి ఈ చిన్న లెక్క తెలియకపోవడమనేది ఉండదు. కాబట్టి వాళ్ళు కట్టింది కోట కాదు. ఇనుపయుగంలో ఐర్లండ్‌లో ఇదే తరహా మిగతా రాజస్థలాలు కూడా, అల్స్టర్‌లో నావన్ ఫోర్ట్, లెన్‌స్టర్‌లో డూన్ ఆలిన్య, ఇలాగే కందకం లోపల పెట్టుకున్నాయి.

మరి ఎవరి నుంచి రక్షణ? కొంతమంది పండితుల మాట ప్రకారం రక్షణ బయటివాళ్ళ కోసం. లోపల ఉన్నది మామూలు మనుషులది కాదు, చనిపోయినవాళ్ళదీ దేవతలదీ, అది బయటికి రాకుండా ఈ గీత. నిరూపించలేని మాటే గానీ, మట్టి పోసిన తీరుకి ఇంతకంటే సరిపోయే వివరణ నాకు కనిపించలేదు. ఎందుకంటే ఆ వలయం లోపలికి చేర్చుకున్నవాటిలో మన దిబ్బ ఉంది. అప్పటికే మూడు వేల ఏళ్ళ పాతదైన సమాధి. రాజ్యాధికారం ఎక్కడ నిలబడాలో ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు వాళ్ళు ఎత్తైన కొండ వెతకలేదు, నీళ్ళున్న చోటు వెతకలేదు. పెద్దల ఎముకలున్న చోటు ఎంచుకున్నారు. ఆ ఎముకలు నిజంగా తమ పెద్దలవో కావో వాళ్ళకీ తెలియదు.

ఎవరూ కాపురం లేని రాజధాని

అందుకే టారా రాజధాని అనే మాట వింటే కాస్త ఆగాలి. టారా రాజు అనేది ఒక బిరుదు, ఇంటి చిరునామా కాదు. రాజయ్యేవాడు ఇక్కడికి వచ్చి, టారా పండుగ అనే క్రతువులో ఆ నేలకి అధిదేవతని పెళ్ళాడినట్టు లెక్క. రాజు ధర్మంగా ఉంటే పంట పండుతుంది, తప్పు చేస్తే ఎండుతుంది అన్న నమ్మకం దీని వెనక ఉంది. ఈ క్రతువు చివరిసారి జరిపింది క్రీ.శ. 560 ప్రాంతంలో డియర్మట్ మాక్ కెర్బల్ అనే రాజని పాత వార్షిక చరిత్రలు చెబుతాయి. అప్పటికి క్రైస్తవం వచ్చేసింది. 800 ప్రాంతంలో ఓంగస్ అనే సన్యాసి రాసిన పద్యాల్లో, టారా మహానగరం తన రాజులతోపాటే నశించింది, మఠాలున్న ఆర్మా మాత్రం వర్ధిల్లుతోంది అని గర్వంగా చెప్పుకున్నాడు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, టారా వైభవం గురించి అతి ఘనమైన వర్ణనలన్నీ దీని తర్వాతివే. 12వ శతాబ్దపు ఒక రాతప్రతిలో విందుశాల పటం ఉంది, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, కవికి మాంసంలో ఏ ముక్క, వడ్రంగికి ఏ ముక్క అన్న వివరంతో సహా. అది గీసేనాటికి ఆ కొండ మీద గడ్డి మొలిచి శతాబ్దాలయింది. అలా రాయించినవాళ్ళకి అవసరం ఉంది. నియల్ వంశమని చెప్పుకునే, ఐరిష్‌లో 'ఈ నీల్' అనిపించుకున్న రాజులు ఐర్లండ్ మొత్తం తమదేననాలి, ఆ మాటకి పాత టారా సాక్ష్యం పలకాలి. విందుశాల అని పేరుపెట్టిన ఆ రెండు గట్లు 200 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పుతో ఉంటాయి. అంత వెడల్పుకి ఆ కాలంలో కప్పు వెయ్యడం ఎలా? ఇప్పుడు దాన్ని ఊరేగింపు దారి అనుకుంటున్నారు. కొండ మీది పవిత్ర స్థలాల వైపు జనం రెండు గట్ల మధ్య నడిచి వచ్చేవాళ్ళన్నమాట.

మతసభల కోటలో సభలు జరిగాయని కథ. తవ్వితే అక్కడ రోమన్ సామ్రాజ్యం సరుకు, గాజు, కుండలు దొరికాయి, క్రీ.శ. తొలి శతాబ్దాలవి. రోమన్లు ఐర్లండ్‌ని ఎప్పుడూ జయించలేదు. అయినా సముద్రం ఆవలి నుంచి వచ్చిన విలువైన సరుకు ఇక్కడిదాకా చేరింది. పేరు దాచిపెట్టిన అసలు విశేషం ఇది.

పేరు గురించి ఇంకొక్క ముక్క. డబ్లిన్ మ్యూజియంలో టారా బ్రూచ్ అనే అద్భుతమైన నగ ఉంది. అది టారాలో దొరకలేదు. 1850లో బెట్టీస్‌టౌన్ దగ్గర సముద్రతీరంలో దొరికింది. కొన్న నగల వ్యాపారి, టారా అంటే గిరాకీ ఉంటుందని ఆ పేరు పెట్టాడు.

కొత్త పూజారులు

తర్వాత వచ్చినవాళ్ళూ ఎవరికి కావలసింది వాళ్ళు ఆ గడ్డిలో వెతుక్కున్నారు. 1798 మే 26న బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ ఐరిష్ యోధులు ఈ కొండ మీద ఓడిపోయారు, వందలమంది చనిపోయారు. రాజపీఠం మీద ఇప్పుడు నిలబడి ఉన్న లియా ఫాల్ రాయి వాళ్ళ సమాధికి గుర్తుగా అక్కడికి మార్చిందేనంటారు. అసలైన రాజు తాకితే అరిచే రాయి అని దాని కథ. పెట్రీ లెక్కలో అది మొదట బందీల దిబ్బ దగ్గర ఉండేది. 1843 ఆగస్టు 15న, ఐర్లండ్‌కి సొంత పార్లమెంటు కావాలన్న నాయకుడు డేనియల్ ఓకానెల్ ఇక్కడే సభ పెడితే లక్షలమంది వచ్చారు. స్థలం ఎంపిక ఊరికే కాదు.

వీళ్ళందరిలో విచిత్రమైనవాళ్ళు 1899లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ళు ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయిన తెగల సంతతి అని నమ్మే ఒక బృందం, బైబిల్లో చెప్పిన దేవుడి ఒడంబడిక పెట్టె టారాలో పాతిపెట్టి ఉందని తేల్చుకుంది. స్థల యజమాని ఒప్పుకున్నాడు. 1902 దాకా మతసభల కోటని ఎలా పడితే అలా తవ్విపారేశారు. పెట్టె దొరకలేదు. కవి యేట్స్, రచయితలు డగ్లస్ హైడ్, జార్జ్ మూర్ లండన్ టైమ్స్‌కి నిరసన లేఖ రాశారు, మాడ్ గన్, ఆర్థర్ గ్రిఫిత్ లాంటి జాతీయవాదులు అక్కడికే వెళ్ళి గొడవ చేశారు. చివరికి తవ్వకం ఆగింది. కానీ చెదిరిన మట్టిపొరల్ని మళ్ళీ వరసలో పెట్టడం ఎవరి తరమూ కాదు. యాభై ఏళ్ళ తర్వాత అక్కడ శాస్త్రీయంగా తవ్విన ఓ రీర్డాన్‌కి ఆ చెల్లాచెదురు అంతా పని పెంచింది.

ఇటీవలి గొడవ ఎం3 రోడ్డుది. టారాకీ ఎదురుగా ఉన్న స్క్రీన్ కొండకీ మధ్య లోయలోంచి ఈ మోటార్‌వే వేశారు. ప్రభుత్వం వాదన సూటిగా ఉంది: కొండని ముట్టుకోవడం లేదు, కొత్త రోడ్డు పాత రోడ్డు కంటే కొండకి దూరంగానే పోతోంది. వ్యతిరేకించినవాళ్ళ వాదన: టారా అంటే కొండ నెత్తిన ఉన్న నాలుగు దిబ్బలే కాదు, చుట్టూ లోయ కూడా. 2007లో పనుల మధ్యలో లిస్మలిన్ దగ్గర 80 మీటర్ల వ్యాసం ఉన్న ఇనుపయుగపు కర్రల వలయం బయటపడింది, దానితో వ్యతిరేకుల మాటకి బలం వచ్చింది. దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ప్రకటించి, తవ్వి, కొలిచి, ఫోటోలు తీసి, దాని మీదుగానే రోడ్డు వేశారు. 2010 జూన్‌లో రోడ్డు తెరిచారు. రోడ్డు లేకపోతే ఆ వలయం సంగతి ఎవరికీ తెలిసేది కాదు అనేవాళ్ళున్నారు. నిజమే. నావన్ నుంచి రోజూ డబ్లిన్ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళ ట్రాఫిక్ తిప్పలూ నిజమే. కానీ స్మారకమని ఒక చేత్తో రాసి ఇంకో చేత్తో తారు పొయ్యడం నాకైతే మింగుడుపడదు. కావాలని పాడుచేసేవాళ్ళు వేరే ఉన్నారు. 2012లో లియా ఫాల్‌ని ఎవరో సుత్తితో కొట్టారు, 2014లో రంగు పోశారు.

వెళ్ళాలనుకుంటే మిట్టమధ్యాహ్నం వెళ్ళకండి. చలికాలంలో పొద్దు వాలేటప్పుడు వెళ్ళండి. ఏటవాలు ఎండలో ప్రతి గట్టుకీ నీడ పడి వలయాలు వాటంతటవే లేచి కనిపిస్తాయి. ముందు పెద్ద వలయం కందకంలోకి దిగి నిలబడి, గట్టు ఏ వైపు ఉందో చూడండి. తర్వాత దిబ్బ దగ్గరికి రండి. ద్వారానికి ఇనప గేటు, తాళం ఉంటాయి. ఊచల మధ్యలోంచి ఫోన్ టార్చి వేస్తే ఎడమ వైపు ఒక నిలువు రాయి మీద చెక్కిన గీతలు కనిపిస్తాయి, ఒకదానిలో ఒకటి ఉన్న వలయాలు.